సర్వీసు పక్క నోడ్‌కి వెళ్ళిన రాత్రి బ్యాకప్ ఎవరు తీస్తారు?

పాఠకుల ప్రశ్నలు, సర్వర్ గది జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్లస్టర్ల బ్యాకప్ గురించే. క్లస్టర్ అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. ఒక నోడ్ ఆగితే దాని పని పక్క నోడ్‌కి మారడమే ఫెయిలోవర్. ఒకేలా ఉన్నవాటిని కలిపి కుదించాను. సంస్థల పేర్లు, సర్వర్ల పేర్లు తీసేశాను. ఐపీ అడ్రసులు, పాస్‌వర్డులు కనిపించే స్క్రీన్‌షాట్లు దయచేసి పంపకండి, ఈసారి కూడా వచ్చాయి. ఇన్నేళ్ళు రాత్రి షిఫ్టుల్లో బ్యాకప్‌లు చూసుకున్నదాన్ని కాబట్టి, ఎవరి ప్రశ్న చదివినా ముందు ఒక్కటే అడగాలనిపిస్తుంది: మీ సర్వీసు ఇవాళ రాత్రి పక్క నోడ్‌కి మారితే రేపు పొద్దున మీ రిపోర్టులో ఏం కనిపిస్తుంది? దీనికి జవాబు తెలిసినవాళ్ళు కింద ఉన్నదాంట్లో సగం చదవక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, మాది రెండు నోడ్ల విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్. దాని మీద ఫైల్ సర్వర్ నడుస్తోంది. రెండు నోడ్లకీ ఉమ్మడిగా ఉండే షేర్డ్ డిస్కులో సుమారు 8 టీబీ డేటా ఉంది. నెట్‌వర్క్ గిగాబిట్. బ్యాకప్ ఏజెంట్ (సర్వర్ లోపల ఉండి బ్యాకప్ తీసే ప్రోగ్రాం) రెండు నోడ్ల మీదా ఉంది, జాబ్ మాత్రం మొదటి నోడ్ పేరు మీద పెట్టాం. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. మొన్న ప్యాచింగ్ కోసం సర్వీసును రెండో నోడ్‌కి మార్చాం. ఆ రాత్రి జాబ్ కొద్ది నిమిషాల్లోనే ముగిసి ‘వార్నింగ్‌తో సక్సెస్’ అని చూపించింది. తర్వాతి రాత్రి రెండో నోడ్ పేరు మీద జాబ్ పెడితే ఫుల్ బ్యాకప్ మొదలై మర్నాడు సాయంత్రం దాకా నడిచింది. యూజర్లందరూ స్లో అని గొడవ. ఎందుకిలా అయింది?
— కొత్తగా చేరిన సిస్టమ్ అడ్మిన్

జవాబు: మీరు చెప్పిన పనే జాబ్ చేసింది. మొదటి నోడ్‌లో ఉన్నది తీయమన్నారు, ఆ రాత్రి అక్కడ సి డ్రైవ్ తప్ప ఏమీ లేదు. ఉన్న సి డ్రైవ్‌ని శుభ్రంగా తీసి, డేటా డ్రైవ్ కనబడలేదని ఒక వార్నింగ్ రాసి వెళ్ళిపోయింది.

క్లస్టర్‌లో ఫైల్ సర్వర్‌కి సొంత పేరు, సొంత ఐపీ ఉంటాయి. సర్వీసు ఏ నోడ్ మీద ఉంటే అవి కూడా అక్కడికే వెళ్తాయి. యూజర్లు కనెక్ట్ అయ్యేది ఆ పేరుకే. బ్యాకప్ కూడా ఆ పేరు మీదే పెట్టాలి. అంటే మీకు మూడు జాబులు కావాలి. మొదటి నోడ్ పేరు మీద దాని లోకల్ డిస్కులు, సిస్టమ్ స్టేట్ (విండోస్ సొంత సెట్టింగులు). రెండో నోడ్ పేరు మీద దానివి. ఫైల్ సర్వర్ సొంత పేరు, అంటే వర్చువల్ పేరు మీద షేర్డ్ డిస్క్. నోడ్ల జాబుల్లో షేర్డ్ డిస్కును కచ్చితంగా మినహాయించండి. లేకపోతే సర్వీసు ఎవరి దగ్గరుంటే వాళ్ళ జాబులో ఒకసారి, వర్చువల్ పేరు మీద ఇంకోసారి అదే 8 టీబీ వెళ్తుంది. స్టోరేజ్ ఎందుకు నిండిపోతోందో తెలియక తల పట్టుకుంటారు.

ఫుల్ బ్యాకప్ మళ్ళీ మొదలవడానికి కారణం సాఫ్ట్‌వేర్‌కి జ్ఞాపకం ఉండే చోటు. రెండో నోడ్ పేరు మీద ఆ డేటా ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు, కాబట్టి బ్యాకప్ సర్వర్ లెక్కలో అదంతా కొత్తదే. వర్చువల్ పేరు మీద పెట్టాక ఈ గొడవ చాలావరకు తీరుతుంది, పూర్తిగా కాదు. చాలా ఏజెంట్లు ఏ ఫైల్ మారిందో రాసుకునే జర్నల్‌ని, కాన్ఫిగరేషన్ ఫైల్‌ని, బ్యాకప్ సర్వర్‌కి లాగిన్ అయ్యే పాస్‌వర్డును, ఎన్‌క్రిప్షన్ కీని నోడ్ సొంత డిస్కులోనో రిజిస్ట్రీలోనో దాచుకుంటాయి. సర్వీసు పక్కకి వెళ్తే అవి వెంట రావు. జర్నల్ రాకపోతే ఏజెంట్ డిస్కంతా మొదటినుంచి స్కాన్ చేస్తుంది. కీ రాకపోతే జాబే ఫెయిల్ అవుతుంది.

ఉదాహరణకి ఐబీఎం స్టోరేజ్ ప్రొటెక్ట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని తీసుకోండి, 2023 దాకా దాని పేరు స్పెక్ట్రమ్ ప్రొటెక్ట్, పాతవాళ్ళు ఇంకా టీఎస్ఎం అనే అంటారు. అందులో క్లస్టర్‌నోడ్ అని ఒక ఆప్షన్ ఉంది. దాన్ని యెస్ పెట్టి, ఆప్షన్ ఫైల్‌ని షేర్డ్ డిస్కు మీదే ఉంచి, షెడ్యూలర్ సర్వీసును క్లస్టర్ గ్రూపులో ఒక రిసోర్సుగా చేర్చి, పాస్‌వర్డ్ కూడా సర్వీసు ఏ నోడ్‌కి వెళ్తే అక్కడ అందేలా పెడతారు. మీ సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీది అయినా గైడ్‌లో వెతకాల్సినవి ఇవే. అవి ఎక్కడ దాస్తోందో కనిపెట్టి, షేర్డ్ డిస్కు మీదకి మార్చండి. మార్చడం కుదరకపోతే రెండు నోడ్ల మీదా ఒకేలా ఉంచండి.

ఇక సాయంత్రం దాకా నడవడం లెక్క ప్రకారమే. మీది గిగాబిట్ నెట్‌వర్క్ అని రాశారు. గిగాబిట్ అంటే అంతా కలిసొచ్చినా సెకనుకి 125 ఎంబీ. 8 టీబీకి దాదాపు 18 గంటలు. రాత్రి 10కి మొదలుపెడితే మర్నాడు సాయంత్రం 4. అదే 10 గిగాబిట్ లింకు అయితే, డిస్కులు అందుకోగలిగితే, రెండు గంటల లోపు. ఫుల్ బ్యాకప్ ఎప్పుడో ఒకసారి అనుకోకుండా జరుగుతుంది, తప్పదు. అది జరిగిన రోజు ఆఫీసు పని ఆగకుండా బ్యాకప్‌కి వేరే నెట్‌వర్క్ కార్డు, వేరే వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) పెట్టుకోండి. స్పీడ్ లిమిట్ పెట్టే సౌకర్యం ఉంటే పగటిపూటకి పెట్టండి.

‘వార్నింగ్‌తో సక్సెస్’ అనే మాట నాకు పరమ చిరాకు. ఈ రంగంలో నేను చూసిన పెద్ద నష్టాలు చాలావరకు ఎర్రటి ఫెయిల్యూర్ల కింద లేవు, ఇలాంటి పసుపు రంగు వార్నింగుల కిందే ఉన్నాయి. ఫెయిల్ అయితే ఎవరో ఒకరు చూస్తారు. వార్నింగ్‌ని అందరూ మెయిల్ రూల్ పెట్టి వేరే ఫోల్డర్‌కి తోసేస్తారు. మీ అలర్టులో జాబ్ స్టేటస్‌తో పాటు సైజు కూడా చూడండి. నిన్న స్కాన్ చేసింది 8 టీబీ, ఇవాళ 60 జీబీ అయితే స్టేటస్ ఏ రంగులో ఉన్నా ఫోన్ మోగాలి.

ఇదంతా సర్దాక ఒక పని చేయండి. సాయంత్రం కావాలని సర్వీసును పక్క నోడ్‌కి మార్చి, రాత్రి జాబ్ నడవనివ్వండి. ఇంకో రోజు జాబ్ సగంలో ఉండగా మార్చండి. నడుస్తున్న జాబ్ చచ్చిపోతుంది, అది మామూలే. చూడాల్సింది, దానంతట అది మళ్ళీ మొదలవుతుందా, మొదలైతే ఆగిన చోటినుంచా మొదటినుంచా అని.

ప్రశ్న: మా డేటాబేస్ మూడు నోడ్ల మీద కాపీలతో ఉంది. ‘మూడు కాపీలు ఉండగా మళ్ళీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సులు ఎందుకు?’ అంటున్నారు మా మేనేజర్ గారు. ఏం చెప్పమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఎవరైనా ఒక టేబుల్‌ని పొరపాటున డిలీట్ చేస్తే ఆ డిలీట్ కూడా మూడు చోట్లకీ, సెకను లోపే, ఎంతో నమ్మకంగా కాపీ అవుతుందని చెప్పండి. రెప్లికా (అంటే ఆ కాపీ) ఉన్నది మెషీన్ పోతే పని ఆగకుండా ఉండటానికి. నిన్నటి డేటా దాని దగ్గర ఉండదు.

ఇంకా వినకపోతే గిట్‌ల్యాబ్ కథ చెప్పండి, వాళ్ళే దాచుకోకుండా బయటపెట్టారు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో సెకండరీ (కాపీ ఉండే) డేటాబేస్ సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మళ్ళీ కలపడానికి, ఒక ఇంజనీరు రాత్రిపూట దాని డేటా డైరెక్టరీని ఖాళీ చేద్దామనుకుని ప్రైమరీ (అసలు డేటా ఉన్న సర్వర్) మీద ఆ కమాండ్ కొట్టేశారు. సెకన్లలో ఆపినా దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, రోజూ తీసే డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా తీయడం) చాలా రోజులుగా ఫెయిల్ అవుతోంది. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6, డంప్ తీసే టూల్ 9.2. ఫెయిల్ అయినట్టు మెయిళ్ళు వెళ్తున్నాయి గానీ డీమార్క్ (పంపినవాళ్ళు నిజమైనవాళ్ళేనా అని చూసే) తనిఖీ దాటలేక తిరస్కారానికి గురవుతున్నాయి, ఎవరికీ చేరలేదు. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో దాని నకళ్ళు) డేటాబేస్ సర్వర్లకి ఆన్ చేయనేలేదు. చివరికి ఆ ఇంజనీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు చేతితో తీసిన ఒక ఎల్‌వీఎం (లైనక్స్‌లో డిస్కుల్ని నిర్వహించే టూల్) స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటాబేస్ మార్పులు మాత్రం పోయాయి.

మీ మేనేజర్ గారికి ఇందులో రెండు విషయాలున్నాయి. రెప్లికా ఉండి కూడా ఆదుకోలేదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉండి కూడా ఎవరూ రీస్టోర్ చేసి చూడకపోవడంతో అదీ ఆదుకోలేదు. లైసెన్సు డబ్బులతో పాటు నెలకో రీస్టోర్ టెస్టుకి మనిషి సమయం కూడా అడగండి. ఒకేసారి అడగడమే మంచిది, రెండోసారి వెళ్తే ఇవ్వరు.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూపు (ఒకే డేటాబేస్ కాపీలని వేర్వేరు సర్వర్ల మీద ఉంచే ఏర్పాటు) వాడుతున్నాం. ప్రైమరీ మీద లోడ్ పడకుండా సెకండరీ నుంచి బ్యాకప్ తీయొచ్చని చదివాం. కానీ డిఫరెన్షియల్ (చివరి ఫుల్ తర్వాత మారినవే తీసే) జాబ్ ఎర్రర్ ఇస్తోంది. పైగా మా డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) సొంత స్క్రిప్టుతో లాగ్ బ్యాకప్ తీస్తారు, బ్యాకప్ టీమ్ వాళ్ళ టూలూ తీస్తుంది. దీనివల్ల ఏమైనా సమస్యా?
— ఇద్దరి మధ్య నలుగుతున్నవాడు

జవాబు: మీ రెండో విషయమే పెద్ద సమస్య, దాన్నుంచి మొదలుపెడతాను. డేటాబేస్‌లో జరిగిన ప్రతి మార్పూ రాసుకునే ట్రాన్సాక్షన్ లాగ్ బ్యాకప్‌లు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా ఉంటాయి. ఏ రెప్లికా నుంచి తీసినా గొలుసు ఒకటే. డీబీఏ గారి స్క్రిప్టు 10 గంటలకి, టూల్ 10:15కి, మళ్ళీ స్క్రిప్టు 10:30కి తీస్తే, గొలుసులో ఒక లంకె ఆయన ఫోల్డర్లో, ఒకటి టూల్ దగ్గర, మళ్ళీ ఒకటి ఆయన దగ్గర. ఇద్దరి రిపోర్టులూ ఆకుపచ్చగానే ఉంటాయి. రీస్టోర్ చేయాల్సిన రోజు ఏ ఒక్కరి దగ్గరా పూర్తి గొలుసు ఉండదు. ఎవరు తీస్తారన్నది ఇద్దరూ కూర్చుని ఇవాళే తేల్చుకోండి. నన్నడిగితే రీస్టోర్ చేయాల్సింది ఎవరో వాళ్ళే లాగ్ తీయాలి.

డిఫరెన్షియల్ ఎర్రర్ మీ తప్పు కాదు. 2022 వెర్షన్ వరకూ సెకండరీ మీద లాగ్ బ్యాకప్, కాపీ ఓన్లీ ఫుల్ బ్యాకప్ (మిగతా బ్యాకప్‌ల వరసని కదిలించని విడి ఫుల్) మాత్రమే కుదురుతాయి. డిఫరెన్షియల్ తీయనివ్వదు. కాపీ ఓన్లీ ఫుల్‌ని డిఫరెన్షియల్‌కి పునాదిగా కూడా ఒప్పుకోదు. కాబట్టి డిఫరెన్షియల్ కావాలంటే వారానికో ఫుల్, రోజువారీ డిఫరెన్షియల్ ప్రైమరీ మీద, లాగులు సెకండరీ మీద. లేదా డిఫరెన్షియల్‌ని వదిలేసి సెకండరీ నుంచే రోజూ కాపీ ఓన్లీ ఫుల్, మధ్యలో లాగులు. డేటాబేస్ మరీ పెద్దది కాకపోతే నాకు రెండోదే ఇష్టం, రీస్టోర్ చేసేటప్పుడు ఆలోచించాల్సింది తక్కువ.

బ్యాకప్ ప్రిఫరెన్స్ అని సెట్టింగు ఒకటి ఉంటుంది, డిఫాల్ట్‌గా ‘సెకండరీ అయితే మేలు’ అని ఉంటుంది. చాలామంది దాన్ని ఆజ్ఞ అనుకుంటారు. అది సూచన మాత్రమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్ని బలవంతంగా అమలు చేయదు. ‘బ్యాకప్ తీయాల్సింది నేనేనా?’ అని ప్రతి రెప్లికాలో జాబ్ మొదట్లోనే అడిగే ఫంక్షన్ ఉంది, జాబ్ దాన్ని పిలిస్తేనే ఆ సెట్టింగుకి విలువ. అందుకే అదే జాబ్‌ని అన్ని రెప్లికాల మీదా పెట్టి, వంతు ఎవరిదైతే వాళ్ళే తీసేలా రాస్తారు. మీ టూల్ ఈ ప్రశ్న అడుగుతోందో లేదో కంపెనీ వాళ్ళని అడగండి. గ్రూపు లిజనర్ పేరు (గ్రూపు మొత్తానికీ ఉండే ఉమ్మడి పేరు) మీద నమోదు చేసుకునే టూల్స్ సాధారణంగా అడుగుతాయి. నోడ్ పేరు మీద విడిగా నమోదు చేసినవి చాలాసార్లు అడగవు.

ఇంకో చిక్కు. బ్యాకప్ చరిత్ర ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లో ఉంటుంది, అది ఏ సర్వర్‌ది ఆ సర్వర్‌కే. మూడుసార్లు ఫెయిలోవర్ అయిన వారంలో చరిత్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. బ్యాకప్ ఫైళ్ళన్నీ ఏ నోడ్ నుంచి వచ్చినా ఒకే షేర్ ఫోల్డర్లో పడేలా చూడండి, ఆ ఫోల్డర్ ఈ నోడ్లలో ఏ ఒక్కదాని మీదా ఉండకూడదు. లాగిన్లు, ఏజెంట్ జాబులు మామూలు అవైలబిలిటీ గ్రూపులో ఉండవు కాబట్టి మాస్టర్, ఎంఎస్‌డీబీలని ప్రతి సర్వర్ మీదా విడిగా తీయాలి. డేటాబేస్ బ్రహ్మాండంగా తిరిగొచ్చి, ఒక్కరు కూడా లాగిన్ కాలేని పొద్దున చాలా పొడుగ్గా ఉంటుంది.

ప్రశ్న: మా క్లస్టర్ నోడ్లు వీఎంవేర్ మీద వర్చువల్ మెషీన్లు. రాత్రి 2 గంటలకి స్నాప్‌షాట్ బ్యాకప్ నడుస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు సరిగ్గా ఆ టైముకే ఫెయిలోవర్ అవుతోంది. బ్యాకప్ మాత్రం సక్సెస్. ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ళకి ఒకటే టెన్షన్. బ్యాకప్ ఆపేయమంటున్నారు.
— రాత్రి 2 గంటల బాధితుడు

జవాబు: ఆపకండి, కారణం దొరుకుతుంది. స్నాప్‌షాట్ తీసేటప్పుడూ, ముఖ్యంగా దాన్ని తొలగించి మళ్ళీ కలిపేటప్పుడూ, వర్చువల్ మెషీన్ కాసేపు స్తంభిస్తుంది. మామూలు సర్వర్‌కి రెండు సెకన్లు ఆగినా ఎవరికీ తెలియదు. క్లస్టర్ నోడ్ సెకనుకోసారి పక్క నోడ్‌కి ‘బతికే ఉన్నాను’ అని చెప్పాలి, దీన్నే హార్ట్‌బీట్ అంటారు. విండోస్ 2012 ఆర్2లో మామూలు క్లస్టర్‌కి ఒకే సబ్‌నెట్‌లో అలాంటివి 5 వరుసగా తప్పిపోతే నోడ్ పోయినట్టే లెక్క. 2016లో దాన్ని 10కి, 2019లో 20కి పెంచారు. లైనక్స్ వైపు నోడ్లు బతికున్నాయో చూసే కోరోసింక్ ఇంకా తొందరపాటు మనిషి: కొత్త వెర్షన్లలో టోకెన్ టైమవుట్ (అది ఆగే గడువు) 3 సెకన్లు, పాతవాటిలో 1 సెకనే. పైగా అక్కడ సర్వీసుల్ని నడిపే పేస్‌మేకర్‌లో స్టోనిత్ (పలకని నోడ్‌ని బలవంతంగా ఆపే ఏర్పాటు) పెట్టి ఉంటే ఊరికే పక్కన పెట్టడంతో ఊరుకోదు, ఆ నోడ్‌ని కరెంటు తీసేసినట్టు రీబూట్ చేస్తుంది. స్నాప్‌షాట్ నుంచి తేరుకునే లోపే పాపం దాని పని అయిపోతుంది.

మొదట స్నాప్‌షాట్‌లో మెమరీ కూడా తీసే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి తీసేయండి. తర్వాత డేటాస్టోర్ (వర్చువల్ మెషీన్ల డిస్కులు ఉండే చోటు) ఏ రకమో చూడండి. ఎన్‌ఎఫ్ఎస్ వెర్షన్ 3 అయి ఉండి, బ్యాకప్ ప్రాక్సీ (డేటాని చదివి బ్యాకప్‌కి పంపే మెషీన్) హాట్ యాడ్ పద్ధతిలో వేరే హోస్ట్ మీద నుంచి డిస్కుని తగిలించుకుంటుంటే, స్నాప్‌షాట్ తొలగించేటప్పుడు మెషీన్ దాదాపు 30 సెకన్లు ఆగిపోవడం వీఎంవేర్ వాళ్ళే రాసిన పాత సమస్య. ప్రాక్సీని అదే హోస్ట్ మీద పెట్టడం, లేదా హాట్ యాడ్ మానేసి నెట్‌వర్క్ పద్ధతికి మారడం దానికి మందు. ఇవేవీ కాకపోతే హార్ట్‌బీట్ గడువు కొంచెం పెంచండి. దీన్ని ఆఖర్న ఎందుకు చెప్తున్నానంటే, గడువు ఎంత పెంచితే నిజంగా నోడ్ పోయినప్పుడు క్లస్టర్ అంత ఆలస్యంగా గుర్తిస్తుంది.

అన్ని నోడ్ల స్నాప్‌షాట్లూ ఒకే నిమిషంలో మొదలవుతున్నాయేమో కూడా చూడండి. రెండు నోడ్లూ ఒకేసారి స్తంభిస్తే కోరమ్ (క్లస్టర్ నడవడానికి కావాల్సిన మెజారిటీ) దగ్గరే గొడవ. అరగంట తేడా పెట్టండి. బ్యాకప్ డేటా హార్ట్‌బీట్ వెళ్ళే నెట్‌వర్క్ మీద మాత్రం వెళ్ళకూడదు. 8 టీబీ పోతున్న దారిలో ఆ చిన్న ప్యాకెట్ ఇరుక్కుపోతే స్నాప్‌షాట్ లేకుండానే ఫెయిలోవర్ అవుతుంది.

షేర్డ్ డిస్కుని ఎస్‌సీఎస్‌ఐ బస్ షేరింగ్‌తో పంచుకునే వర్చువల్ మెషీన్లకి వీఎంవేర్ స్నాప్‌షాట్ అసలు కుదరదు. వాటిలో లోపల ఏజెంట్ వేసి మొదటి ప్రశ్నలో చెప్పినట్టు తీయాల్సిందే. విండోస్ లోపల వీఎస్ఎస్ (విండోస్ సొంత స్నాప్‌షాట్ సర్వీసు) కూడా ఓపిక తక్కువదే: రైటర్లు (ఒక్కో ప్రోగ్రాం డేటాని బ్యాకప్‌కి సిద్ధం చేసే భాగాలు) ఫ్రీజ్‌లో ఉండగలిగేది 60 సెకన్లు, డిస్క్ రాతలు ఆపి ఉంచేది 10 సెకన్లు. డిస్కు ఆ సమయంలో బిజీగా ఉంటే రైటర్ ఫెయిల్ అవుతుంది. బ్యాకప్ ఫెయిలైన వెంటనే రైటర్ల లిస్టు తీసి ఎవరు ఎర్రర్‌లో ఉన్నారో చూడండి. సర్వర్ రీబూట్ చేసేశాక చూస్తే అందరూ బుద్ధిమంతులే.

ప్రశ్న: మూడు నోడ్ల గాలెరా (మైఎస్‌క్యూఎల్ రకం డేటాబేస్) క్లస్టర్‌లో ఏదో ఒక నోడ్ నుంచి బ్యాకప్ తీస్తే సరిపోతుందా? బ్యాకప్ టైములో మిగతా రెండూ కూడా స్లో అవుతున్నాయి.

జవాబు: ఒక నోడ్ చాలు. స్లో అవుతున్నది ఫ్లో కంట్రోల్ వల్ల. బ్యాకప్ తీస్తున్న నోడ్ వెనకబడితే మిగతావాళ్ళు దానికోసం ఆగుతారు. బ్యాకప్ మొదలయ్యే ముందు ఆ నోడ్‌ని డీసింక్‌లో (మిగతావి దానికోసం ఆగకుండా) పెట్టి, లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పించి, అయ్యాక అందుకోనిచ్చి వెనక్కి తెండి. ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే టూల్‌లో గాలెరా పొజిషన్ రాసుకునే ఆప్షన్ ఉంది, ఆన్ చేయండి. ఆ నోడ్ ఆ రాత్రి లేకపోతే రెండో నోడ్ ఆ పని చేయాలి, స్క్రిప్టులో నోడ్ పేరు రాసేసి కూర్చోకండి.

ప్రశ్న: మా కుబర్నెటిస్ (కంటైనర్లని నడిపే సిస్టమ్) క్లస్టర్‌లో దాని డేటాబేస్ ఈటీసీడీ స్నాప్‌షాట్ రోజూ తీస్తున్నాం. ఇది చాలా?
— డెవాప్స్ పాఠకుడు

జవాబు: క్లస్టర్ తిరిగి లేవడానికి అది మొదటి మెట్టు. ఈటీసీడీలో ఉన్నది కుబర్నెటిస్ రాసుకున్న వివరాలు మాత్రమే. మీ పర్సిస్టెంట్ వాల్యూముల్లో (యాప్‌లు డేటా దాచుకునే డిస్కుల్లో) ఉన్న అసలు డేటా అందులో ఒక్క బైటు కూడా ఉండదు. దానికి వాల్యూమ్ స్నాప్‌షాట్లో, వెలెరో లాంటి టూలో, డేటాబేస్ సొంత బ్యాకప్పో విడిగా కావాలి. లోపల నడుస్తున్నది డేటాబేస్ అయితే నేను దాని సొంత బ్యాకప్‌నే నమ్ముతాను.

సర్టిఫికెట్లు ఉండే పీకేఐ ఫోల్డర్‌నీ, సీక్రెట్లని ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే ఆ కీ ఉన్న ఫైల్‌నీ స్నాప్‌షాట్‌తో పాటు తీయండి, కానీ కీని వేరే చోట దాచండి. కీ లేకుండా రీస్టోర్ చేస్తే సీక్రెట్లన్నీ అక్కడే ఉంటాయి, ఎవరూ చదవలేరు. స్నాప్‌షాట్ ఆరోగ్యంగా ఉన్న ఒక మెంబర్ నుంచి తీస్తే సరిపోతుంది. రీస్టోర్ చేసేటప్పుడు మాత్రం అన్ని మెంబర్లనీ అదే ఒక్క ఫైల్ నుంచి లేపాలి, ఒక్కోదానికి ఒక్కో రోజు ఫైల్ పెట్టకూడదు. డిస్కులోని డేటాబేస్ ఫైల్‌ని నేరుగా కాపీ కొట్టేవాళ్ళు ఉన్నారు. దానికి స్నాప్‌షాట్‌లో ఉండే హ్యాష్ ఉండదు, చెడిపోయిందో లేదో రీస్టోర్‌లో తేల్చుకోలేరు.

ప్రశ్న: బ్యాకప్ సర్వర్‌ని కూడా అదే క్లస్టర్ మీద వర్చువల్ మెషీన్‌గా పెడితే దానికీ హై అవైలబిలిటీ వస్తుంది కదా?

జవాబు: వస్తుంది. క్లస్టర్ పోయిన రోజు రెండూ కలిసి పోతాయి. దాన్ని వేరే మెషీన్ మీద, వేరే స్టోరేజ్‌తో, కుదిరితే డొమైన్‌లో చేర్చకుండా పెట్టండి. రాన్సమ్‌వేర్ వాళ్ళు లోపలికొచ్చాక ముందు వెతికేది బ్యాకప్ సర్వర్‌నే, డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికితే అదీ వాళ్ళదే. ఒక కాపీ అయినా గడువు లోపల ఎవరూ తుడపలేని చోట ఉండాలి: ఆబ్జెక్ట్ లాక్ పెట్టిన ఎస్3 బకెట్టో, బయటకి తీసి పెట్టిన టేపో. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అనే నియమాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. ఫొటోలు పోతాయని భయపడ్డ మనిషి చెప్పింది మన సర్వర్ గదుల్లో చాలామంది ఇంకా పూర్తిగా చేయడం లేదు. బ్యాకప్ సర్వర్ క్యాటలాగ్‌నీ రోజూ బయటకి కాపీ చేయండి. టేపులు నూరున్నా దేంట్లో ఏముందో తెలియకపోతే అన్నిటినీ మళ్ళీ చదివించాలి.

ప్రశ్న: రీస్టోర్ టెస్ట్ చేయమని మీరు ప్రతిసారీ అంటారు. క్లస్టర్ నోడ్‌ని టెస్ట్ కోసం రీస్టోర్ చేస్తే అసలు క్లస్టర్‌కి ఏమైనా అవుతుందేమోనని భయం.
— మొదటి ప్రశ్నలో లాంటి క్లస్టరే ఉన్న ఇంకొకరు

జవాబు: భయం న్యాయమైనదే. రీస్టోర్ చేసిన నోడ్‌ని అదే నెట్‌వర్క్ మీద ఆన్ చేస్తే, ఒకే పేరుతో ఒకే ఐపీతో రెండు మెషీన్లు తయారై గొడవ మొదలవుతుంది. రీస్టోర్ అయిన మెషీన్‌కి నెట్‌వర్క్ కార్డు తీసేసి ముందు ఆన్ చేయండి. తర్వాత బయటకి దారి లేని వీల్యాన్‌లో పెట్టండి. డొమైన్ మీద ఆధారపడే క్లస్టర్ అయితే ఆ వీల్యాన్‌లోకి ఒక డొమైన్ కంట్రోలర్‌ని కూడా రీస్టోర్ చేయాలి, లేకపోతే క్లస్టర్ పేరు ఆన్‌లైన్‌కి రాదు. చాలా టెస్టులు ఇక్కడే ఆగిపోతాయి, అది తెలియడం కూడా టెస్టు ఫలితమే. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టండి. మేనేజ్‌మెంట్‌కి నాలుగు గంటల్లో లేపుతామని మాటిచ్చి ఉంటారు, డేటా వెనక్కి రావడానికే 18 గంటలు పడుతుంది.

విండోస్‌లో క్లస్టర్ కాన్ఫిగరేషన్ రీస్టోర్ రెండు రకాలు. ఒక నోడ్ పాడైంది, మిగతావి బాగున్నాయంటే నాన్ అథారిటేటివ్: నోడ్ లేస్తుంది, కొత్త కాన్ఫిగరేషన్‌ని పక్కవాళ్ళ దగ్గర తీసుకుంటుంది. ఎవరో క్లస్టర్ గ్రూపునే డిలీట్ చేశారంటే ఆ మార్పు అందరికీ వెళ్ళిపోయింది కాబట్టి అథారిటేటివ్: మిగతా నోడ్ల మీద క్లస్టర్ సర్వీసు ఆపి, పాత కాన్ఫిగరేషన్‌నే అందరి మీదా రుద్దాలి. రెండోదాన్ని మొదటిసారి నిజమైన ప్రమాదంలో చేయకండి. ఇంకొకటి, విండోస్ సర్వర్ బ్యాకప్‌లో క్లస్టర్ కాన్ఫిగరేషన్ కూడా రావాలంటే బ్యాకప్ తీసే సమయానికి ఆ నోడ్‌లో క్లస్టర్ సర్వీసు నడుస్తూ, కోరమ్ ఉండాలి. మెయింటెనెన్స్‌లో ఆపి ఉంచిన నోడ్ నుంచి తీసిన సిస్టమ్ స్టేట్‌ని ఈ పనికి లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: ఏజెంట్ కొత్త వెర్షన్ వచ్చింది. ఏ నోడ్ మీద ముందు వేయాలి?

జవాబు: ముందు బ్యాకప్ సర్వర్. తర్వాత సర్వీసులు లేని నోడ్. రీబూట్ అడిగితే చేసి, సర్వీసుని దాని మీదకి మార్చి, ఒక చిన్న జాబ్, ఒక ఫైల్ రీస్టోర్ చేసి చూసి, అప్పుడు రెండోది. మధ్యలో వారాల తరబడి రెండు వెర్షన్లతో వదిలేయకండి, ఫెయిలోవర్ అయిన రాత్రి ఏ వెర్షన్ రాసిన జర్నల్‌ని ఏది చదువుతుందో చెప్పలేం. విండోస్ 2012 నుంచి వచ్చిన క్లస్టర్ అవేర్ అప్‌డేటింగ్ వాడుతుంటే అది నోడ్లని తనే ఖాళీ చేసి తనే రీబూట్ చేస్తుంది, బ్యాకప్ నడుస్తోందా అని మిమ్మల్ని అడగదు. దాని షెడ్యూలు, బ్యాకప్ షెడ్యూలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. నేను చూసిన చాలా చోట్ల రెండూ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకే ఉన్నాయి.